నా సైకిల్ ఎవరో ఎత్తుకెళ్ళారు, మరి నేను ఎత్తుకెళ్ళింది ఏంటి?



ఈ వారం వీడియోలో శమంతకమణి కథ చెప్పుకున్నాం కదా. వీడియోలో చెప్పడానికి కుదరని ఒక విషయం ఇక్కడ రాస్తున్నాను. నిజానికి కుదరకపోవడం కాదు, కెమెరా ముందు చెప్పడానికి సిగ్గేసింది. ఇది నా సొంత గొడవ. చదివాక మీకు నా మీద కొంచెం కోపం వస్తే అది న్యాయమే.

నేను రోజూ ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తాను. కొండాపూర్ నుంచి గచ్చిబౌలి వైపు, సుమారు ఏడు కిలోమీటర్లు. సాయంత్రం ట్రాఫిక్‌లో క్యాబ్‌కి పట్టే టైములో సగం కూడా సైకిల్‌కి పట్టదు. ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ ఉంది చూడండి, 2023 అక్టోబర్‌లో తెరిచారు, 23 కిలోమీటర్లు, అక్కడికి పోతుంటాను. ఇంతకీ నా సైకిల్ 24 వేలు పెట్టి కొన్న మామూలు గేర్ సైకిల్. మూడేళ్ళు తొక్కాను.

రాత్రిపూట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్ పక్కన పెట్టి, వెనక చక్రానికి నంబర్ లాక్ వేసేవాడిని. ఆ లాక్ అంటే సన్నటి వైరు, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. గట్టి కటింగ్ ప్లేయర్ ఉంటే అర నిమిషం పని. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఒక మంగళవారం పొద్దున కిందికి దిగితే పిల్లర్ ఉంది, సైకిల్ లేదు. తెగిన లాక్ మాత్రం నేల మీద చుట్ట చుట్టుకుని పడి ఉంది.

"పోతే పోయింది, సైకిలే కదా, బండి కొనుక్కో" అని అందరూ అన్నారు. రోజూ తొక్కేవాళ్ళకి తెలుస్తుంది, పోయేది 24 వేలు మాత్రమే కాదు. సీటు మన ఎత్తుకి సరిపోయేలా మూడు నెలలు పట్టి సర్దుకుని ఉంటాం. ఏ గుంత దగ్గర ఎటు తిప్పాలో చేతులకే తెలిసిపోయి ఉంటుంది. పొద్దున్నే ఆ అరగంట నాకు జపం లాంటిది. అది పోయింది. ఆ తర్వాత రెండు వారాలు రోడ్డు మీద ఏ సైకిల్ కనపడినా నా కళ్ళు ముందు ఫ్రేమ్ మీదకే వెళ్ళేవి. పాలబ్బాయి సైకిల్, స్కూలు పిల్లల సైకిళ్ళు, అన్నీ. ప్రతి మనిషిలోనూ ఒక దొంగ కనపడటం మొదలైంది.

నేను చేసిన పని

మా వాచ్‌మన్ అన్నకి ఒక కొడుకున్నాడు. తొమ్మిదో తరగతి. ఆదివారం నేను సైకిల్ కడుగుతుంటే వచ్చి గాలి కొట్టేవాడు. నేను అడక్కుండానే. ఒకసారి "అన్నా, ఒక్క రౌండ్ ఏసుకోవచ్చా?" అని అడిగాడు. "వద్దురా, గేర్లు పాడైతాయి" అన్నాను. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు గానీ గాలి కొట్టడం మానలేదు.

ఆ మంగళవారం పొద్దున నా బుర్రకి ముందు తట్టింది వాడే. ఎందుకంటే వాడికి ఆ సైకిల్ అంటే ఇష్టం. ఒకసారి అడిగాడు కూడా. రాత్రి పదింటికి సెల్లార్‌లో తిరుగుతుంటే నేనే చూశాను. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి అనుకున్నాను. వాడిని పిలిచాను. పక్కన ఇద్దరు ఫ్లాటు వాళ్ళు, పనమ్మాయి, కార్లు కడిగే అతను ఉన్నారు. "నిన్న రాత్రి కింద తిరిగింది నువ్వే కదా? సైకిల్ ఎక్కడ పెట్టావు?" అన్నాను.

"నేను తియ్యలేదన్నా" అన్నాడు.

"మరెవరు తీసినట్టు?" అన్నాను. అంటే దొంగని పట్టుకునే బాధ్యత కూడా ఆ పిల్లాడి మీదే పెట్టాను.

వాచ్‌మన్ అన్న పరుగున వచ్చాడు. గొడవ పెట్టుకోలేదు. "సార్, వాడు మీ సైకిల్‌కి గాలి కొట్టేటోడు సార్" అన్నాడు. అంతే.

మధ్యాహ్నం అసోసియేషన్ వాళ్ళు సీసీటీవీ చూపించారు. తెల్లవారుజామున మూడు దాటాక ఇద్దరు, మొహానికి గుడ్డలు కట్టుకుని, పక్క గోడ దూకి వచ్చారు. నిమిషం లోపల పని అయిపోయింది. ఆ ఇద్దరిలో ఎవరూ వాడి ఎత్తు కాదు, వాడి వయసు కాదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే లాగ్స్ చూడకుండా "చివర్న కోడ్ ముట్టుకున్నది ఎవరు?" అని అరిచే మేనేజర్ అంటే నాకు అసహ్యం. ఆ రోజు పొద్దున నేను చేసింది సరిగ్గా అదే. లాగ్ పైన గోడకి తగిలించి ఉంది. చూడకుండా మనిషి మీద పడ్డాను.

ఈ కథలో నేనెవరిని?

ఇప్పుడు శమంతకమణి కథకి వద్దాం. సత్రాజిత్తుకి సూర్యుడి దయవల్ల మణి దొరికింది. కృష్ణుడు దాన్ని ఉగ్రసేన మహారాజుకి ఇమ్మని అడిగాడు. సత్రాజిత్తు ఇవ్వనన్నాడు. తర్వాత అతని తమ్ముడు ప్రసేనుడు ఆ మణి మెడలో వేసుకుని వేటకి వెళ్ళాడు. సింహం చంపింది. ఆ సింహాన్ని జాంబవంతుడు చంపి మణిని తన బిడ్డకి ఆటవస్తువుగా ఇచ్చాడు. ఇదంతా అడవిలో జరిగింది. ఊళ్ళో ఉన్న సత్రాజిత్తుకి తెలిసింది ఒక్కటే. మణి లేదు, తమ్ముడు రాలేదు. వెంటనే అతని మనసు ఎవరి మీదకి పోయింది? కృష్ణుడి మీదకి. ఎందుకు? ఒకప్పుడు అడిగాడు కాబట్టి.

ఈ ఒక్క ముక్క దగ్గర నేను ఆగిపోయాను. "ఒకప్పుడు అడిగాడు కాబట్టి." మా సెల్లార్‌లో నా లెక్క కూడా అదే. నోరు తెరిచి అడిగినవాడు నిజాయితీగా తన కోరిక చెప్పినవాడు. దొంగ అడగడు. అయినా మనం అనుమానించేది అడిగినవాడినే.

ఏటా వినాయక చవితికి ఈ కథ విని నెత్తిన అక్షింతలు వేసుకుంటాం. ఎందుకు? మన మీద నీలాపనిందలు పడకూడదని. చిన్నప్పటి నుంచి నేను కూడా చవితి నాడు చంద్రుడిని చూడకుండా తల దించుకుని నడిచినవాడినే. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా "నేను ఎవరి మీదా నింద వెయ్యకుండా ఉండాలి" అని అక్షింతలు వేసుకున్నానా? లేదు. ఆ కథలో నన్ను నేను ఎప్పుడూ కృష్ణుడి పక్కనే నిలబెట్టుకున్నాను. సత్రాజిత్తు పాత్ర కూడా ఒకటుందనీ, అది నాకు బాగా సరిపోతుందనీ ఎప్పుడూ తట్టలేదు.

ఇంకో తేడా కూడా ఉంది. కృష్ణుడు తన మీద పడ్డ నిందని పోగొట్టుకోవడానికి అడవికి వెళ్ళి, అడుగుజాడలు పట్టుకుని, గుహలో దూరి, భాగవతం ప్రకారం ఇరవై ఎనిమిది రోజులు జాంబవంతుడితో యుద్ధం చేశాడు. ఆయన కృష్ణుడు కాబట్టి చెయ్యగలిగాడు. తొమ్మిదో తరగతి పిల్లాడు తన నిర్దోషిత్వం నిరూపించుకోవడానికి ఏ గుహలో దూరాలి? సీసీటీవీ గదిలోకి వాడిని ఎవరూ రానివ్వరు. అంటే నింద బరువు అందరికీ ఒకేలా ఉండదు. బలం లేనివాడి మీద వేస్తే అది అక్కడే అతుక్కుపోతుంది.

సగర చక్రవర్తి కొడుకుల కథ కూడా ఇలాంటిదే. యాగాశ్వాన్ని దొంగిలించింది ఇంద్రుడు. అది కనపడింది కపిల మహర్షి దగ్గర. పక్కన కనపడ్డాడు కాబట్టి దొంగ ఆయనే అని మీద పడ్డారు. అరవై వేల మంది బూడిదైపోయారు. గుర్రం పోయినందుకు కాదు వాళ్ళు పోయింది, చూడకుండా తేల్చినందుకు.

"అంతా కర్మ" అనే మాట

మా పిన్ని ఫోన్లో ఓదార్చింది. "పోయిన జన్మలో నువ్వు వాడికి బాకీ ఉండి ఉంటావు నాన్నా, తీరిపోయింది అనుకో." ప్రేమగానే అంది. నాకు ఊరటగా కూడా అనిపించింది. కానీ రాత్రి పడుకున్నాక ఒక ప్రశ్న వచ్చింది. ఇదే లెక్క ఆ అబ్బాయికి కూడా వేస్తానా? "వాడు పోయిన జన్మలో ఎవరినో నిందించి ఉంటాడు, అందుకే నేను వాడిని నిందించాను, తీరిపోయింది" అనగలనా? అంటే అది ఎంత దుర్మార్గమైన మాటో ఎవరికైనా తెలుస్తుంది.

నాకు అర్థమైనంత వరకు కర్మ అనే మాటని మన నష్టానికి మనం వాడుకోవచ్చు, దాన్ని తట్టుకోవడానికి. మనం వేరేవాళ్ళకి చేసిన నష్టాన్ని కప్పిపుచ్చడానికి వాడకూడదు. నా సైకిల్ పోవడం నా ప్రారబ్ధమే అనుకున్నా, దాన్ని ఎత్తుకెళ్ళడం అనే కొత్త కర్మ ఆ ఇద్దరూ చేశారు. పిల్లాడిని నిలదీయడం అనే కొత్త కర్మ నేను చేశాను. ఒకరి పాత ఖాతా ఇంకొకరి కొత్త ఖాతాని చెరపదు.

భాగవతం పదకొండో స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి అవంతీ దేశపు బ్రాహ్మణుడి కథ చెప్తాడు. బాగా డబ్బున్నవాడు, అంతకు మించిన పిసినారి. బంధువులు కొంత, దొంగలు కొంత, రాజులు కొంత, కాలం కొంత, మొత్తం పోయింది. సన్యాసి అయ్యాడు. తమాషా ఏంటంటే, అప్పుడు కూడా జనం వదల్లేదు. చేతిలో కర్ర, భిక్షాపాత్ర లాక్కున్నారు. కొందరైతే "వీడే దొంగ" అని తాడుతో కట్టేశారు. సొమ్ము పోగొట్టుకున్నవాడే దొంగ అనిపించుకున్నాడు. అప్పుడు ఆయన కూర్చుని తనని తాను అడుగుతాడు. నా దుఃఖానికి కారణం ఎవరు? మనుషులా? దేవతలా? గ్రహాలా? కర్మా? కాలమా? ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చి చివరికి తన మనసు దగ్గర ఆగుతాడు. సుఖదుఃఖాల చక్రాన్ని తిప్పేది అదేనంటాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ మాట ఆయన తన గురించి తను చెప్పుకున్నాడు. ఎవరో వచ్చి ఆయనకి క్లాసు పీకలేదు. సైకిల్ పోయినవాడితో "నీ మనసే కారణం" అని మనం అంటే అది వేదాంతం కాదు, మొరటుతనం. కానీ నాతో నేను అనుకుంటే పని చేస్తుంది. సైకిల్ ఎత్తుకెళ్ళడానికి వాళ్ళకి ఒక్క నిమిషం పట్టింది. ఆ తర్వాత రెండు వారాలు రోడ్డు మీద ప్రతి ఫ్రేమ్‌నీ అనుమానంగా చూసింది నా మనసు. ఆ రెండు వారాలు దొంగలు ఎత్తుకెళ్ళలేదు, నేనే వాళ్ళకి ఇచ్చాను.

దొంగల్లో కూడా రుద్రుడా?

మనలో చాలామంది సోమవారం అభిషేకంలో రుద్రం వింటాం. నమకం మూడో అనువాకంలో రుద్రుడిని దొంగలకి, మోసగాళ్ళకి, రాత్రిపూట కత్తులు పట్టుకు తిరిగేవాళ్ళకి అధిపతిగా నమస్కరిస్తారు. మొదటిసారి అర్థం చదివినప్పుడు నాకు షాక్. "శివుడు దొంగలకి నాయకుడేంటి?" అని. సైకిల్ పోయిన తర్వాత సోమవారం గుడిలో అది వింటుంటే ఒళ్ళు మండింది కూడా.

పెద్దలు చెప్పే అర్థం ఏంటంటే, ఆయన అందరిలోనూ అంతర్యామిగా ఉన్నాడు. దొంగని మినహాయించి "మిగతా అందరిలో" అంటే అది సర్వవ్యాపకత్వం అవ్వదు. ఇది దొంగతనాన్ని ఒప్పుకోవడం కాదు. మనిషిని వాడు చేసిన ఒక్క పనికి కుదించకపోవడం. ఆ వెంటనే నాలుగో అనువాకంలో వడ్రంగులకి, రథాలు చేసేవాళ్ళకి, కుమ్మరులకి, కమ్మరులకి కూడా నమస్కారాలు ఉన్నాయి. అంటే సైకిల్ ఎత్తుకెళ్ళినవాడిలోనూ, సైకిల్ బాగుచేసేవాడిలోనూ, గాలి కొట్టే పిల్లాడిలోనూ ఆయనే. నేను రుద్రం విని దొంగలో శివుణ్ణి చూడాలా వద్దా అని తెగ ఆలోచించాను. ఎదురుగా గాలి కొడుతున్న పిల్లాడిలో చూడటం మర్చిపోయాను. కష్టమైన పరీక్షకి చదువుతూ తేలికదాంట్లో ఫెయిలయ్యాను.

మరి కంప్లైంట్ ఇవ్వాలా, క్షమించాలా?

రెండూ చెయ్యొచ్చు అనేది నా అభిప్రాయం. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు యుద్ధం చెయ్యమంటూనే, మనసులో ఆ జ్వరం మాత్రం పెట్టుకోవద్దంటాడు. పని వేరు, జ్వరం వేరు.

కాబట్టి స్టేషన్‌కి వెళ్ళాను. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. దొంగతనం 303వ సెక్షన్ కింద వస్తుంది. అందులో ఒక విషయం నాకు నచ్చింది. వస్తువు విలువ ఐదు వేల లోపు ఉండి, మొదటిసారి శిక్ష పడుతున్నవాడు వస్తువునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే, జైలు బదులు సమాజ సేవ శిక్షగా ఉంటుంది. నా సైకిల్ ఆ లెక్కలోకి రాదు, కానీ చట్టం కూడా మనిషికి వెనక్కి తిరిగే దారి ఒకటి ఉంచిందన్నమాట.

కంప్లైంట్ ఇవ్వడం నా కోపం కోసమే కాదు. రేపు ఇంకొకడి సైకిల్ పోకుండా ఉండటానికి కూడా. "పోనీలే" అని మనం వదిలేసేది ఒక్కోసారి క్షమ కాదు, బద్ధకం. స్టేషన్‌లో మొదట అడిగింది ఫ్రేమ్ నంబర్. సైకిల్ తిరగేస్తే పెడల్స్ మధ్య ఇరుసు కింద చాలా సైకిళ్ళకి చెక్కి ఉంటుంది. నేను ఎప్పుడూ చూడలేదు. బిల్లు కూడా దొరకలేదు. మీరు మాత్రం ఈ రోజే ఆ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి. తాళం ఒక్క చక్రానికి కాకుండా ఫ్రేమ్‌ని, వెనక చక్రాన్ని కలిపి కదలని ఇనుప కడ్డీకి వెయ్యండి. వైరు లాక్ బదులు గట్టి యూ లాక్ వాడండి. సీసీటీవీ ఉంటే ఆ రోజే కాపీ తీసుకోండి, కొన్నాళ్ళకి పాతది చెరిగిపోతుంది. దేవుడి మీద భారం వెయ్యడం అంటే తాళం వెయ్యకపోవడం కాదు.

నా వంతు దొంగతనం

నెల దాటినా సైకిల్ దొరకలేదు. కొత్తది కొందామంటే మనసొప్పలేదు. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ చూస్తుంటే ఒకటి తగిలింది. కొత్తది ముప్పై వేలు ఉండేది, ఆరు వేలకే ఇస్తానన్నాడు. బిల్లు ఉందా అంటే "పోయింది బ్రో" అన్నాడు. ఎక్కడ కొన్నావంటే ఊరు పేరు రెండుసార్లు మార్చాడు. ఫ్రేమ్ నంబర్ ఫొటో పంపమంటే పంపలేదు.

నిజం చెప్తున్నాను, ఐదు నిమిషాలు ఊగాను. "నాది పోయింది కదా, ఎక్కడో ఒకచోట లెక్క సరిపోవాలి కదా" అనిపించింది. ఆ ఆలోచనే దొంగది. అస్తేయం అంటే పతంజలి యోగసూత్రాల్లో యమాల్లో ఒకటి, దొంగిలించకపోవడం. అది గోడ దూకేవాళ్ళకి మాత్రమే చెప్పింది కాదు. ఆరు వేలకి ముప్పై వేల సైకిల్ కొనే నాలాంటి వాడు ఉన్నాడు కాబట్టే రాత్రి మూడింటికి ఇద్దరు గోడ దూకుతారు. చట్టం కూడా దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి తీసుకున్నవాడిని వదలదు. ఫోన్ పక్కన పెట్టేశాను.

కానీ ఆ రోజు ఇంకో విషయం తగిలింది. సైకిల్ విషయంలో దొంగ కాకుండా తప్పించుకున్నాను సరే. ఆ పిల్లాడి దగ్గర నలుగురి ముందు నేను లాక్కున్నది మాటేంటి? మర్యాదకి ఫ్రేమ్ నంబర్ ఉండదు. కంప్లైంట్ ఇవ్వడానికి వాడికి స్టేషన్ లేదు.

నిజానికి సీసీటీవీ చూసిన సాయంత్రమే నేను వాచ్‌మన్ అన్నతో పక్కకి పిలిచి "సారీ అన్నా, టెన్షన్‌లో అనేశాను" అన్నాను. అక్కడితో అయిపోయింది అనుకున్నాను. ఈ సంగతి అమ్మకి చెప్తే ఒకటే అంది. "అందరి ముందు అన్నావు, పక్కకి పిలిచి వెనక్కి తీసుకుంటే ఎట్లా రా? అందరి ముందే తీసుకో." కృష్ణుడు కూడా మణి తెచ్చి రహస్యంగా ఇవ్వలేదు. ఉగ్రసేనుడి సభకి సత్రాజిత్తుని పిలిపించి, జరిగింది అందరికీ చెప్పి ఇచ్చాడు. నింద సభలో పడితే సభలోనే పోవాలి.

ఆదివారం పొద్దున అందరూ కార్లు కడిగించుకునే టైముకి కిందికి దిగాను. అదే పిల్లర్ దగ్గర, ఆ రోజు ఉన్నవాళ్ళలో ముగ్గురు ఉన్నారు. వాడిని పిలిచి, "ఆ రోజు నేను చూడకుండా నీ మీద నింద వేశాను. నీ తప్పేం లేదు. తప్పు నాది" అన్నాను. గొంతు వణికింది. వాడు తల దించుకుని "పర్లేదు సార్" అన్నాడు.

అంతకు ముందు వాడు నన్ను "అన్నా" అనేవాడు.

కొత్త సైకిల్ కొన్నాను, బిల్లుతో, యూ లాక్‌తో. మొదటి రోజే "తొక్కుతావా?" అని అడిగాను. "వద్దు సార్" అన్నాడు. బలవంతం చెయ్యలేదు. క్షమాపణ చెప్పడం నా చేతిలో ఉంది, క్షమించడం వాడి చేతిలో ఉంది. సత్రాజిత్తు సిగ్గుపడి కూతుర్ని, మణిని ఇస్తానంటే కృష్ణుడు మణిని తిరిగి ఇచ్చేశాడు. ఇచ్చినవన్నీ అవతలివాళ్ళు తీసుకోవాలనేం లేదు. ఆదివారం గాలి నేనే కొట్టుకుంటున్నాను. పంపు మాత్రం వాడికి అందేచోటే పెడుతున్నాను.

వచ్చే చవితికి అక్షింతలు వేసుకునేటప్పుడు ఈసారి ఇంకో మాట కూడా కలుపుకోండి. నా మీద నింద పడకూడదు, నా నోటి నుంచి ఎవరి మీదా పడకూడదు. మీకు కూడా ఇలా ఎవరో ఒకరు బాకీ ఉంటే, అంటే మీరే వాళ్ళకి బాకీ ఉంటే, ఈ ఆదివారమే కిందికి దిగి చెప్పేయండి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.